నాలుగో పట్టీ

మొన్న బుధవారం భోజనం చేసి వచ్చి మిషను ముందు కూర్చున్నానో లేదో, ఒకమ్మాయి షాపు మెట్లెక్కింది. చేతిలో పాత జిప్పు సంచి.

"టైలరు గారంటే మీరేనాండి?"

"నేనేనమ్మా."

"మాది రాజోలండి. మా పెద్దమ్మ ఈ సంచి మీకిమ్మందండి."

సంచి చూడగానే ఎవరిదో తెలిసిపోయింది. దాని జిప్పు నేనే రెండుసార్లు మార్చాను. "ఆవిడెలా ఉన్నారమ్మా? మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?" అని అడిగాను. ఆ అమ్మాయి సంచి బల్ల మీద పెట్టి, "పెద్దమ్మ పోయిందండి. రేపటికి పదిహేను రోజులండి" అంది.

నాకెవరూ చెప్పలేదు. చెప్పేవాళ్ళు మాత్రం ఎవరున్నారు? అంబాజీపేటలో ఆవిణ్ణి తలుచుకోవడం మానేసి ఆరేళ్ళయింది. మానేసేలా చేసిందెవరో కూడా ఇందులో రాస్తాను. కాస్త ఓపిక పట్టండి. ఆ మాట దగ్గరికి రావడానికి నాకు కొంచెం సమయం కావాలి.

ఆవిడకి చక్కటి పేరుంది. రాయను. ఆవిడ బతికుండగా ఆ పేరు పాడవుతుంటే చూస్తూ కూర్చున్నవాణ్ణి, ఇప్పుడు దాన్ని ముట్టుకునే అర్హత నాకు లేదు. ఊళ్ళో అందరం నర్సమ్మగారు అనేవాళ్ళం. అదే అంటాను.

ఆవిడ మొదటిసారి నా షాపుకి వచ్చి తొమ్మిదేళ్ళయింది. సన్నంచు తెల్లచీర, చేతిలో మగవాళ్ళ గొడుగు. లోపలికి వచ్చి కూర్చోకుండానే, "మీ కొలతల పుస్తకం ఒకసారి చూపిస్తారా అండి?" అన్నారు. ముప్ఫయ్యేళ్ళుగా ప్యాంట్లు కుడుతున్నాను, నా కొలతల పుస్తకం ఎవరూ అడగలేదు. ఎందుకండీ అన్నాను.

"ఈ ఊళ్ళో అందరికన్నా లావు తొడ ఎవరిదో కావాలండి. సన్న తొడ కూడా."

లోపల గుండీలు కుడుతున్న మా ఆవిడ ఫక్కున నవ్వి, చీరకొంగు నోట్లో కుక్కుకుంది. నర్సమ్మగారు నవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుని, నేనిచ్చిన పుస్తకంలో వేలితో వరసలు దిగుతూ చదివారు. ఒకచోట ఆగి, "ఇరవై తొమ్మిది అంగుళాలా! ఎవరండి ఈయన?" అన్నారు. పేరు చెప్పబోయాను. ఆయన పెద్ద కొబ్బరి వ్యాపారి. "వద్దులెండి, నాకు తొడ చాలు" అన్నారు.

తర్వాత విషయం చెప్పారు. ఆవిడ కువైట్‌లో ఇరవైరెండేళ్ళు ఆసుపత్రి ఎమర్జెన్సీలో పనిచేసి వచ్చేశారు. వచ్చిన నెలలోనే, కొబ్బరి దింపే మనిషినొకణ్ణి ముంజేయి తెగి ఆటోలో తీసుకుపోతుంటే చూశారట. ఎవరో పుణ్యాత్ముడు సూదిమందు కోసం కట్టే రబ్బరు గొట్టాన్ని చేతికి చుట్టాడు. "అది కట్టకపోతేనే బాగుండునండి. సన్నం, పైగా సాగుద్ది. పైకొచ్చే రక్తాన్ని ఆపుద్ది, కిందకి పోయేదాన్ని ఆపలేదు. చెయ్యి ఉబ్బి ఇంకా కారిపోతాదండి" అన్నారు. గాయానికి పైన గట్టిగా బిగిస్తే రక్తం ఆగే పట్టీ ఒకటి కావాలి. కువైట్‌లో వాడేవి ఉన్నాయి గానీ, ఖరీదు. ప్రతి కొబ్బరి కొట్లో ఒకటి, ప్రతి దింపు మనిషి మొలలో ఒకటి ఉండాలంటే ఇక్కడే కుట్టాలి. ఈ ఊళ్ళో కత్తి లేని ఇల్లు లేదు, కొబ్బరి వలవడానికి నేలలో ఇనుప మొన పాతని కొట్టు లేదు. ఆవిడ అన్నదాంట్లో తప్పేం కనబడలేదు నాకు. సరేనన్నాను. ఆ సరే అన్న మనిషి నేనేనని ఇప్పుడు నమ్మబుద్ధి కాదు.

మూడేళ్ళు మా షాపు షాపులా లేదు. ఆ జిప్పు సంచిలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచేవారు. కువైట్ నుంచి తెచ్చుకున్నవి రెండు. ఒకదానికి చువ్వ ఉంటుంది, దాన్ని తిప్పుతుంటే పట్టీ బిగుస్తుంది. రెండోది పళ్ళ చక్రంతో కటకటమని బిగిసేది. రెండోదే బాగుందండీ, తేలిక కదా అన్నాను. మర్నాడు దాన్ని కొబ్బరి పీచు రజనులో పడేసి తెచ్చి, "ఇప్పుడు బిగించండి" అన్నారు. పళ్ళలో పీచు ఇరుక్కుని కదల్లేదు. "మన కొట్లలో ఉండేది ఇదేనండి, కువైట్ నేల కాదు" అన్నారు. బీపీ చూసే సంచీ కూడా తెచ్చారు. అన్నిటికంటే తక్కువ నొప్పి దానిదే, ఎందుకంటే వెడల్పు. కానీ ఒక్క ముల్లు గుచ్చుకుంటే గాలి పోయి ఊరుకుంటుంది.

మేం సొంతంగా కుట్టినవాటికి ఆవిడ నంబర్లు వేశారు. మొదటిది తువ్వాలూ కర్రా. కర్ర చెయ్యి వదిలితే గిర్రున వెనక్కి తిరిగేది. రెండోది సన్న పట్టీ, చర్మాన్ని కోసేసేది. మూడోదానికి ఆవిడ బండారులంక వెళ్ళి మగ్గం మీద మందపాటి నూలు పట్టీ నేయించుకొచ్చారు. ఎంత అందంగా ఉందో! అంచు కూడా వేశాడు ఆ నేతగాడు, చీరలు నేసే చెయ్యి కదా. బకెట్టులో తడిపి బిగిస్తే అరంగుళం సాగింది. నర్సమ్మగారు దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూసి, "పాపం, ఎంత కష్టపడ్డాడోనండి" అన్నారు. దాన్ని పారేయలేదు. గొడుక్కి తగిలించుకునే తాడుగా వాడుకున్నారు.

నాలుగోది కుదిరింది. స్కూలు బ్యాగులకి వేసే నైలాను పట్టీ, వెడల్పుది. వెల్డింగు షాపులో కోయించిన ఇనుప చువ్వ. చువ్వ వెనక్కి తిరగకుండా పట్టుకునే కొక్కెం. నా వంతు ఒకటుంది అందులో. తొడ ప్యాంటు గుడ్డలా తిన్నగా ఉండదు, పైన లావు, కింద సన్నం. ఏది కట్టినా మోకాలి వైపు జారుతుంది. లోపలి వైపు గరుకు గుడ్డ వేసి కుట్టాను. జారలేదు. "టైలరు గారూ, ఇది కువైట్‌లో కూడా లేదండి" అన్నారు ఆవిడ. నా జీవితంలో నా కుట్టుకి దక్కిన పెద్ద మెప్పు అదే.

పరీక్ష చేసే పద్ధతి ఒకటి ఉండేది. షాపులోంచి ఏ పట్టీ బయటికి వెళ్ళాలన్నా కుట్టినవాడి చేతి మీద ముందు బిగించి చూడాలి. నా ఎడం చెయ్యి చాపేవాణ్ణి. ఆవిడ ఎడం చేతి రెండు వేళ్ళు నా నాడి మీద, కుడి చెయ్యి చువ్వ మీద. నాడి ఆగేదాకా తిప్పేవారు. ఆగాక గడియారం చూడకుండా, వాళ్ళ చర్చిలో చెప్పుకునే పరలోక ప్రార్థన రెండుసార్లు నెమ్మదిగా చదివి విప్పేవారు. అంతసేపూ నాడి రాకూడదు. విని విని ఆ ప్రార్థన నాకూ నోటికి వచ్చేసింది. "మతం గానీ పుచ్చుకున్నారా ఏంటి?" అని మా ఆవిడ వేళాకోళం చేసేది.

మోచేతికి కింద కడితే ఒక్కోసారి ఎంత తిప్పినా నాడి ఆగేది కాదు. "ముంజేతిలో రెండెముకలండి. గోడల సందులో దొంగ దాక్కున్నట్టు నాళం మధ్యలో దాక్కుంటాది. అక్కడ ఆగకపోతే మోచేతి పైకి పోవాలి. పిక్క కూడా అంతే. తొడకయితే ఒకటే ఎముకండి, కానీ కండ ఎక్కువ, గట్టిగా తిప్పాలి" అనేవారు. తొడ పరీక్షలు ఆవిడ ఇంటి దగ్గర తన కాలు మీదే చేసుకునేవారు. అరవయ్యేళ్ళ మనిషి, ఒంటరిగా మంచం మీద కూర్చుని, పాదం మీద వేలు పెట్టుకుని, చువ్వ తిప్పుకునేవారు. ఒకసారి అడిగాను, నొప్పి పుట్టదా అండీ అని. "ఎందుకు పుట్టదండి?" అన్నారు.

నొప్పి గురించి ఆవిడకి ఒకటే జవాబు. నేను "అమ్మో, నొప్పండీ" అంటానా, తల ఊపి, ఎంతో మర్యాదగా, "ఆయ్. నొప్పేనండి" అని మరో చుట్టు తిప్పేవారు. కసురుకోవడం లేదు, ఓదార్చడం లేదు. ఆ 'ఆయ్' వినడానికి కొబ్బరి కొట్లలో జనం ఆవిడ శిక్షణకి వచ్చేవాళ్ళంటే నమ్మండి. కట్టిన టైము నుదుటి మీద రాయాలని చెబుతూ, ఒక కొట్టు యజమాని నుదుటి మీద నల్ల స్కెచ్ పెన్నుతో రాసేశారు. అది చెరగలేదు. ఆయన ఆ సాయంత్రం నుదుట పదకొండూ నలభైతో పెళ్ళికి వెళ్ళాడు.

ఎవరు కనబడినా పలకరింపుగా చెయ్యి పట్టుకునేవారు, వేళ్ళు మాత్రం మణికట్టు మీదకి పోయేవి. కోనసీమలో పుట్టి కొబ్బరి పడని మనిషిని ఆవిణ్ణే చూశాను. కొబ్బరి పచ్చడి వాసనకే ముక్కు మూసుకునేవారు. శిక్షణ చివర మాత్రం ప్రతిసారీ ఒకే మాట, గొడుగు నేలకి తాటించి: "కట్టేది మీరండి, విప్పేది డాక్టరు. మధ్యలో దేవుడొచ్చి అడిగినా వదులు చెయ్యకండి."

దేవుడు రాలేదు. మా బావగారు వచ్చారు.

సొంత బావ కాదు. మా వీధి చివర ఉండే దింపు మనిషి, వరసలు కలుపుకుని బావగారూ అంటే బావగారూ అనుకునేవాళ్ళం. ఆయన భార్య నాకు చెల్లెమ్మ. గొంతెత్తి ఎరగడు ఆయన. చెట్టు దిగుతూ కత్తి మొలలో దోపుకోబోతే జారింది. తొడ మీద పడింది. మా షాపు వెనక దొడ్లోనే. కేక విని పరిగెత్తాను. చేతికందిన నాలుగో పట్టీ తీసుకుపోయి కట్టాను. తిప్పాను. నేర్చుకున్నదంతా చేతుల్లోకి వచ్చింది. రక్తం ఆగింది. నేను చూశాను. నా కళ్ళతో చూశాను, ఆగింది. చువ్వ కొక్కేనికి పెట్టాను. ఆటోలో పడుకోబెట్టి ఆయన తల ఒళ్ళో పెట్టుకున్నాను.

బండారులంక దగ్గర కాలవ గట్టు మీద కొబ్బరి లారీ ఒకటి రోడ్డుకి అడ్డం తిరిగి ముందుకీ వెనక్కీ అవుతోంది. ఆటో అతను దిగి కేకలు వేస్తున్నాడు. ఆటోలో నేనూ ఆయనా.

"బావగారూ" అన్నాడు. "మిమ్మల్నేనండి. కాలు తెగిపోతన్నట్టుందండి."

"కొంచెం ఓర్చుకోండి."

"ఆయ్, ఓర్చుకుంటన్నానండి. ఒక్క చుట్టు వదులు చేద్దురూ. మీకు పుణ్యం ఉంటాదండి. ఒక్కటండి."

తిట్టి ఉంటే వదిలేవాణ్ణి కాదు. లెంపకాయ కొట్టినా వదిలేవాణ్ణి కాదు. మా వాళ్ళకి మర్యాదగా అడిగితే లేదనడం రాదండి. ప్రాణం మీదికి వచ్చినా అండీ గారూ వదలని నేల మాది. అంత నొప్పిలో అంత మర్యాదగా అడిగిన మనిషికి ఒక్క చుట్టు లేదనలేకపోయాను. ఒక్క నిమిషం, లారీ తప్పుకునేలోపు మళ్ళీ బిగించేద్దాం అనుకున్నాను. కొక్కెం తీసి ఒక్క చుట్టు వదిలాను.

"అమ్మయ్య" అన్నాడాయన. "చల్లగా ఉందండి బావగారూ."

ఆ చల్లదనం ఏమిటో నాకు అర్థమయ్యేసరికి సీటు తడిసి కిందికి కారుతోంది. మళ్ళీ తిప్పబోయాను. చువ్వ నిండా రక్తం, వేళ్ళు జారాయి. పంచె చెంగుతో పట్టుకుని తిప్పాను, కొక్కేనికి పెట్టాను. లారీ తప్పుకుంది. ఆయన మళ్ళీ నన్ను ఏమీ అడగలేదు. పుణ్యానికి పోతే పాపం ఎదురైందని అంటారు. నాకు ఎదురుకాలేదు, నా చేత్తోనే చేసుకున్నాను.

అమలాపురంలో ఆసుపత్రి వరండాలో, ప్రాణం లేని ఆయన పక్కన నేను ఉండగా నర్సమ్మగారు స్కూటీ మీద వచ్చారు. వెనకాలే చెల్లెమ్మ మరో ఆటోలో వచ్చి, స్తంభం పట్టుకుని నిలబడింది. నర్సమ్మగారు ఆయన కాలి మీద పట్టీ చూశారు. బిగుతుగా ఉంది. కొక్కెం పట్టుకునే ఉంది. తడిసిన పంచె చూశారు. నా దగ్గరికొచ్చి, తన అలవాటున నా మణికట్టు పట్టుకున్నారు.

"టైలరు గారూ, దారిలో వదులు చేసేరా అండి?"

చెల్లెమ్మ నన్నే చూస్తోంది.

"లేదండి" అన్నాను.

అప్పుడు నా నాడి ఎలా కొట్టుకుందో ఆవిడ వేళ్ళకి తెలిసే ఉండాలి. "ఆయ్" అన్నారు. చెల్లెమ్మ అప్పుడు గొల్లుమంది. "బిగిస్తే ఆగుద్దన్నారు కదమ్మా! అందరికీ చెప్పేరు కదమ్మా!" అని ఆవిడ భుజాలు పట్టి కుదిపేసింది. నర్సమ్మగారు కదల్లేదు. "తప్పేనమ్మా. నా పట్టీదే తప్పు" అన్నారు.

నేను నోరు తెరవలేదు. ఆ రోజు తెరవలేదు సరే, మర్నాడు తెరవచ్చు కదా. దినం అయ్యాక తెరవచ్చు కదా. ఒక రోజు గడిస్తే రెండో రోజు ఇంకా కష్టమయ్యేది. అలా ఆరేళ్ళు.

ఆవిడ ఇంటింటికీ, కొట్టు కొట్టుకీ తిరిగి నాలుగో పట్టీలన్నీ వెనక్కి తీసుకున్నారు. ఇవ్వడానికి ఎవరూ వెనకాడలేదు, కొందరు విసిరేశారు కూడా. సంతలో చెల్లెమ్మ ఆవిణ్ణి పట్టుకుని నలుగురిలో అనరాని మాటలు అందని విన్నాను. శిక్షణకి రావడం అందరూ మానేశారు. ఆవిడ మాత్రం నా దగ్గరికి రావడం మానలేదు. అదే నన్ను చంపింది. నాలుగోదానిలో తప్పెక్కడుందో వెతుకుతూ అయిదోది కుట్టమన్నారు. ఇంకా వెడల్పు. మోకాలి దగ్గర మడతలు పడింది. ఆరోదానికి చువ్వ రెండింతలు. బరువు, ఎవరూ మొలలో పెట్టుకోరు. లేని తప్పు కోసం ఆవిడ వెతుకుతుంటే, నేను కుట్టాను. దారం రంగు ఏది వెయ్యమంటారండీ అని కూడా అడిగేవాణ్ణి.

చివరిసారి వచ్చినప్పుడు మోకాళ్ళు బొత్తిగా సహకరించడం లేదు, రాజోలులో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోతున్నానని చెప్పడానికి వచ్చారు. మా ఆవిడ టీ ఇచ్చింది. గ్లాసు సగం తాగి, "ఒక్క మాటడగనాండి?" అన్నారు.

"అడగండి."

"ఆవేళ దారిలో ఆటో గోతిలో పడి, కొక్కెంలోంచి చువ్వ జారిపోయి, మీరు మళ్ళీ పెట్టేరేమోనండి. కంగారులో గుర్తుండి ఉండకపోవచ్చు. అలాంటిదేమైనా జరిగిందాండి?"

తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డట్టు అడిగారు. ఔనన్నా చాలు, సగం నిజమైనా ఆవిడకి అందేది. నేను కత్తెర వైపు చూస్తూ, "గుర్తులేదండి" అన్నాను.

"ఆయ్" అని గ్లాసు కింద పెట్టారు. "పోన్లెండి. కొక్కెం సంగతి నేను మళ్ళీ చూస్తాను."

ఇప్పుడు ఆ సంచి. ఆ అమ్మాయి వెళ్ళాక జిప్పు తీశాను. అన్ని పట్టీలూ వరసగా చుట్టి, మొదటి దాన్నుంచి ఆరోదాని దాకా, గొడుగు తాడైన మూడోది కూడా. కింద ఒక పొడుగు నోటు పుస్తకం. ఎడం చేతి వైపు పట్టీ నంబరు, పక్కన చెయ్యా కాలా, ఎన్ని చుట్లకి ఆగింది, నొప్పి ఎంత, ఎంతసేపు. ఆ రోజు దగ్గరికి పేజీలు తిప్పాను. ఆవిడ గుండ్రటి అక్షరాల్లో ఇలా ఉంది: 'నాలుగో పట్టీ. తొడ. ఆగలేదు. టైలరు గారు వదలలేదన్నారు. కాబట్టి పట్టీదే తప్పు.'

కొలిచి చూడందే ఏదీ నమ్మని మనిషి. ఆ పుస్తకం మొత్తంలో కొలవకుండా రాసుకున్నది ఆ ఒక్కటే.

దాని తర్వాత పేజీలకి పేజీలు నాలుగో పట్టీయే. ఆవిడ కాలు మీద, రాజోలులో కూడా, నెలకి రెండుసార్లు మూడుసార్లు. ఆగింది. ఆగింది. తడిపి కట్టాను, ఆగింది. కుదిపి చూశాను, ఆగింది. కొక్కెం మీద దెబ్బ కొట్టి చూశాను, జారలేదు, ఆగింది. చివరి వరస ఈ ఎండాకాలంలోది. అక్షరాలు వంకర తిరిగాయి. 'నాలుగో పట్టీ. తొడ. ఆగింది.' దాని కింద: 'మరి ఆవేళ ఎందుకు ఆగలేదు?'

ఏడ్చాను. మా ఆవిడ పరిగెత్తుకొచ్చి ఏమైందండీ అంది. ముందు తనకే చెప్పాను. విని, లోపలికి వెళ్ళింది. పెన్ను తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ ప్రశ్న కింద రాశాను: 'ఆవేళ కూడా ఆగింది. నేను ఒక చుట్టు వదిలాను.' అడిగిన మనిషి చదవడానికి లేదు.

పుస్తకం పట్టుకుని చెల్లెమ్మ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో చీపురు పుల్లలు చీరుతోంది. చెల్లెమ్మ కొడుక్కి ముప్ఫయ్యేళ్ళు, వాడూ దింపు పనే. పట్టీ అనే మాట ఆ ఇంట్లో ఎత్తనివ్వదు, అందుకని వాడి మొలలో కత్తి తప్ప ఏమీ ఉండదు. మెట్టు మీద కూర్చుని మొత్తం చెప్పాను. నర్సమ్మగారు పోయిన సంగతి, ఆయన అడిగిన మాట, నేను వదిలిన చుట్టు, వరండాలో చెప్పిన అబద్ధం. ఈనెలు చీరుతున్న చెయ్యి ఆగింది.

"సంతలో ఆవిడ చీరకొంగు పట్టి లాగేనండి" అంది. "నా మొగుణ్ణి చంపేవన్నానండి. అంతమందిలో. ఆవిడ పల్లెత్తి నన్నో మాటనలేదండి. తప్పేనమ్మా అందండి. ఇప్పుడు ఎక్కడికెళ్ళి దణ్ణం పెట్టుకోనన్నయ్యగారూ?"

పుస్తకం తెరిచి 'ఆగింది' అన్న వరసలు చూపించాను.

"ఆయనడిగితే నేనైనా వదిలేద్దునేమోనండి. అది కాదు నా బాధ. ఆరేళ్ళు మీ ఇంటి ముందు నుంచే నీళ్ళకెళ్ళేనండి. రోజూ చూసేరు నన్ను."

లేచి లోపలికి వెళ్ళిపోయింది. వచ్చేశాను.

ఆ సాయంత్రం నైలాను పట్టీ కోసి, లోపల గరుకు గుడ్డ వేసి, నాలుగోది ఒకటి కొత్తగా కుట్టాను. కుడుతుండగా షాపు గుమ్మంలో నీడ పడింది. చెల్లెమ్మ. లోపలికి రాలేదు. "మావాడు పొద్దున్నే చెట్టెక్కుతాడండి" అంది. అంతకంటే ఏమీ అనలేదు. దారం తెంపి పట్టీ చూపించాను. బయటికి వెళ్ళే ముందు కుట్టినవాడి చేతి మీద చూడాలని చెప్పాను. వచ్చి స్టూలు మీద కూర్చుంది.

ఎడం చెయ్యి చాపాను. ఎక్కడ కట్టాలో, నాడి మీద వేళ్ళు ఎలా పెట్టాలో, చువ్వ ఎటు తిప్పాలో చెప్పాను. చెల్లెమ్మ తిప్పడం మొదలుపెట్టింది. చీపురు పుల్లలు చీరే చేతులు, గట్టివి. నేను లోలోపల ప్రార్థన మొదలుపెట్టాను. క్షమించమని అడిగే చోటు ఒకటుంది అందులో. అక్కడికి వచ్చేసరికి వేళ్ళు చల్లబడి, చెయ్యంతా సలిపేస్తోంది.

"నొప్పిగా ఉందమ్మా" అన్నాను.

చెల్లెమ్మ ఆ రోజుల్లో ఏ శిక్షణకీ రాలేదు. ఎవరి దగ్గరా ఆ మాట విని ఉండదు. తలెత్తి నా మొహంలోకి చూసింది. కళ్ళనిండా నీళ్ళు.

"ఆయ్. నొప్పేనండి" అంది. మరో చుట్టు తిప్పింది.